ఆవు పట్టేంత కంప్యూటరు

వాన ఎంత పడిందో కొలిచే ఆఫీసులో వానకు తడిసే ఉద్యోగి ఒక్కడే. పేరు దాలినాయుడు. హోదా జూనియర్ అసిస్టెంటు. కూర్చునేది వరండాలో, నీళ్ల డ్రమ్ము పక్కన, వీపు ఆనించుకోడానికి ఏమీ లేని స్టూలు మీద.

ఆయన పుట్టుకతో వరండా మనిషేం కాదు. ఒకప్పుడు లోపల ఆయనకూ ఒక బల్ల, ఒక కుర్చీ, నెత్తిన తిరిగే ఫ్యానులో ఒక వాటా ఉండేవి. జిల్లా వర్షపాత కార్యాలయం అని బోర్డు పెద్దదే గానీ ఉన్నది ఒక్క గది. అదీ పూర్వం ఉప్పు నిలవ చేసిన కొట్టు. గోడకు చెయ్యి ఆనిస్తే ఇప్పటికీ అరచెయ్యి ఉప్పగా ఉంటుంది. ఆ గదిలోకి ముందు ఒక కంప్యూటరు వచ్చింది. పాత వానల లెక్కలన్నీ అందులోకి ఎక్కించారు. తర్వాత వచ్చిన ఆఫీసరుగారు, ఆపరేటింగ్ సిస్టమ్ డబ్బు పోసి కొనడం దండగ, ఉచితంగా దొరికేది వాడాలన్నారు. దానికోసం రెండో కంప్యూటరు వచ్చింది. పాత లెక్కలు అందులో తెరుచుకోలేదు. ఆ పైన రాజధాని నుంచి, ఇకమీదట రిపోర్టులు ఫలానా కొత్త సిస్టమ్‌లోనే పంపాలని ఉత్తర్వు దిగింది. దానికి మూడోది. ఒకటి చదివినది ఇంకొకటి చదవదు. ముగ్గురు తోడికోడళ్లు మూడు మూలల్లో మొహాలు తిప్పుకుని కూర్చున్నట్టు ఉండేవి.

మూడోది వచ్చిన రోజున దానికి బల్ల కావాలన్నారు. దాలినాయుడి బల్ల ఇచ్చారు. దాని ముందర కుర్చీ కావాలన్నారు. దాలినాయుడి కుర్చీ ఇచ్చారు.

"కంప్యూటరుకు చెమ్మ తగలకూడదు దాలినాయుడూ. నువ్వయితే తట్టుకుంటావు" అన్నారు సూపరింటెండెంటు వరహాలమ్మగారు. ఆవిడ మంచి మనిషే. ఎవరి నోటిదగ్గర కూడు తీసినా ముందు వాళ్ల ఆరోగ్యం మెచ్చుకునేవారు.

వచ్చే ఏడు ఎండాకాలానికి దాలినాయుడి రిటైర్మెంటు. ఆయనకు మిగిలిన కోరిక ఒకటే. ఆ రోజు వచ్చేలోపు లోపల, కప్పు కింద, చేతులున్న కుర్చీలో కూర్చోవాలి. కొన్నాళ్లు చాలు. "ఇన్నేళ్ల సర్కారు నౌకరీలో నీకు దక్కింది పీటేనా?" అని ఇంట్లో భార్య ఆదెమ్మ రోజూ అడుగుతూనే ఉంది. పీట కాదు స్టూలు అని ఆయన రోజూ సరిదిద్దుతూనే ఉన్నాడు.

ఆఫీసుకు ఎదురుగా కూర్మారావు కంప్యూటర్ల షాపు ఉంది. దాలినాయుడికి వరసకు బావమరిది అవుతాడు. జల్లు పెద్దదైతే దాలినాయుడు ఫైళ్లు చొక్కాలో దోపుకుని రోడ్డు దాటి ఆ షాపులోకి దూరేవాడు.

"ఏటి బావా, ఇయ్యాల ఎన్ని మిల్లీమీటర్లు?" అన్నాడు కూర్మారావు ఒక రోజున.

"బనీను దాకా" అన్నాడు దాలినాయుడు.

కూర్మారావు పడీ పడీ నవ్వి, తువ్వాలు అందించి, గల్లా మీద పాత పేపరు పరిచాడు. దాని మీద ఒక్కో సామానూ పెట్టుకుంటూ వచ్చాడు. అరచెయ్యంత మదర్‌బోర్డు. దాని నడినెత్తిన కూర్చునే ప్రాసెసరు. పిప్పరమెంటు బిళ్లల్లాంటి డిస్కులు. గుప్పిట్లో దాగే ఫ్యాను. కరెంటు పంచిపెట్టే పవర్ సప్లై, అదీ సబ్బుపెట్టె అంతే.

"మూడు పెట్టెలు ఎందుకు బావా? ఒక్కటి సాలు. టిఫిను కేరేజీ అంత పెట్టె, కాంపాక్ట్ అంటారు. మూడు సిస్టములూ అందులోనే."

"పడతాయేటి?"

"పడతాయేటీ, పడి దొర్లుతాయి. పొద్దున్న మీట నొక్కగానే ఎవుల్ని లేపమంటావని అదే నిన్ను అడుగుతాది. నువ్వు ఎవుల్ని లేపమంటే ఆళ్లు లేస్తారు. మిగిలినోలు తొంగుంటారు."

"మరి దెబ్బలాడుకోవా?"

"ఒకరు లేసినప్పుడు ఇంకొకరు లేవరు గదా, ఎలా దెబ్బలాడుకుంటారు? కాకపోతే సామాను ఏరుకోడంలో ఉంది కిటుకు. పెట్టె సిన్నది. ఫ్యాను పొడుగైతే మూత పడదు. పవర్ సప్లై లావైతే ఫ్యాను తిరగదు. ఒకటి సూసుకుని మురిసిపోతే కాదు, ఒకదానికొకటి పొసగాలి. సంబంధం కుదుర్చుకున్నట్టే."

దాలినాయుడు డిస్కులకేసి చూడలేదు. టిఫిను కేరేజీ అంత పెట్టె ఒక బల్ల మీద కూర్చుంటే రెండు బల్లలు ఖాళీ అవుతాయి. రెండు బల్లలంటే రెండు కుర్చీలు. ఆయన ఒక్క కుర్చీనే తలుచుకుని, రెండోది అత్యాశ అని వదిలేశాడు.

మర్నాడు ఇప్పటి ఆఫీసరు, ఉపసంచాలకులు వేదాద్రిగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వేదాద్రిగారు ఆ రోజుల్లో బెంగ మీద ఉన్నారు. రాజధానిలో వాస్తు గాలి వీస్తోంది. "ఒకటికి మించిన కాపురములు గల ప్రతి నిర్మాణమునకును వాస్తు ధ్రువీకరణ తప్పనిసరి" అని అన్ని శాఖలకూ ఉత్తర్వు వచ్చింది. అమలు చేసిన వాళ్లకు మెచ్చుకోళ్లు వస్తున్నాయి. వర్షపాత శాఖకు వానలున్నాయి గానీ కాపురాలు లేవు. దేనిమీద అమలు చేయాలో తెలియక వేదాద్రిగారు అన్నం సరిగా తినడం లేదు.

దాలినాయుడు చెప్పిందంతా విని ఆయన నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"ఒకే పెట్టెయందు మూడు వ్యవస్థలు నివసించుననియేనా నీ మనవి?"

"అవునండి."

"ఒకే కప్పు కింద?"

"మూత అంటారండి దాన్ని."

"నివాసమునకు మూతయే కప్పు. ఒకే ద్వారమా?"

"మీట ఒక్కటేనండి."

"ఒకే పొయ్యియా?"

"కరెంటు ఒకే చోటినించి వస్తాదండి."

వేదాద్రిగారి కళ్లు చెమర్చాయి. "దాలినాయుడూ, నీవు తెచ్చినది కంప్యూటరు కాదు. ఉమ్మడి కుటుంబము!"

మధ్యాహ్నానికల్లా ఒక సంఘం పుట్టింది. దాని పేరు కాంపాక్ట్ కంప్యూటరు విడిభాగముల ఎంపిక మరియు వాస్తు సమన్వయ సంఘము. వేదాద్రిగారు అధ్యక్షులు. వరహాలమ్మగారు కన్వీనరు. వాస్తు పండితులు త్రిపురాంతకంగారు సాంకేతిక నిపుణులు. కూర్మారావు సామాను చూపించేవాడు. ఆలోచన ఎవరిదో ఆయనకు సంఘంలో చోటు లేకపోయింది, ఎందుకంటే గదిలోనే చోటు లేదు. దాలినాయుడు కిటికీ బయట నిలబడి విన్నాడు.

త్రిపురాంతకంగారు దిక్సూచి తీసి పేపరు మీద పెట్టి, మదర్‌బోర్డును వేలితో తాకి కళ్లకద్దుకున్నారు.

"ఈవిడెవరు?"

"మదర్‌బోర్డండి. అన్నీ దీనికే తగిలించాలండి" అన్నాడు కూర్మారావు.

"అంటే అత్తగారు. మూడు కాపురాలూ ఈవిడ చెప్పుచేతల్లో ఉంటాయి. మంచిది. అగ్ని ఏది?"

కూర్మారావు పవర్ సప్లై చూపించాడు.

"ఆగ్నేయ మూల. వాయువు?"

ఫ్యాను చూపించాడు.

"వాయవ్య మూల."

"అయ్యా, ఫ్యాను ప్రాసెసరు నెత్తి మీదే ఉండాలండి. గాలి దానికే గదండీ."

"వాయువు సర్వవ్యాపి నాయనా. వాయవ్యంలో పెడితే దానికి దారి తెలియదా?" అని త్రిపురాంతకంగారు డిస్కును అరచేతిలో వేసుకుని తూచారు. "ఇదేమిటి, తినేదా?"

"డిస్కండి. పాత వానలన్నీ ఇందులోనే ఉంటాయండి."

"నైరుతిలో బరువుండాలి. అన్ని వానలు మోసేది ఇంత తేలికగా ఉంటే ఇంటి యజమాని నిలవడు."

"నిలవడంటే?" అన్నారు వేదాద్రిగారు.

"స్థానచలనం."

"బదిలీయా!"

"దూరం కూడా."

వేదాద్రిగారికి చెమటలు పట్టాయి. డిస్కు బరువు పెంచాలని అక్కడికక్కడే తీర్మానం అయింది. బరువైన డిస్కులు ఇప్పుడు తయారవడం లేదని కూర్మారావు చెప్పాడు. వరహాలమ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, తమ ఇంట్లో అత్తగారి కాలంనాటి రుబ్బురోలు ఒకటి ఉందనీ, డిస్కును దాని గుంటలో పెడితే బరువుకు బరువు, భద్రతకు భద్రత అనీ అన్నారు. ఆవిడ ఆ రోలును ఇల్లు దాటించాలని చాలా ఏళ్లుగా చూస్తున్నారు.

"ప్రభుత్వ సేవకు స్వగృహ వస్తువును సమర్పించుట శ్లాఘనీయము" అన్నారు వేదాద్రిగారు.

ఆ తర్వాత బ్రహ్మస్థానం వచ్చింది. ఇంటి నట్టనడుమ ఖాళీగా ఉండాలి. స్తంభం కూడదు, బరువు కూడదు. ప్రాసెసరేమో బోర్డు నట్టనడుమ కూర్చుని ఉంది.

"దీన్ని లేపండి" అన్నారు త్రిపురాంతకంగారు.

"అది లేస్తే కంప్యూటరు లేవదండి."

"అయితే బోర్డును ఒక మూలకు జరపండి. పెట్టె పెంచండి. మధ్య ఖాళీ వస్తుంది."

"అలాగేనండి" అన్నాడు కూర్మారావు. ఆయనకు పేచీ పెట్టే అలవాటు లేదు. పెద్ద పెట్టె అమ్మితే చిన్న పెట్టె అమ్మినంత పాపం ఏమీ రాదు.

టిఫిను కేరేజీ బియ్యం డబ్బా అయింది. ముగ్గురు కాపురస్తుల్లో పెద్దవాడైన పాత సిస్టమ్‌కు నైరుతి గది, ఏ దిక్కూ లేని ఉచితానికి అతిథుల వాయవ్యం, కొత్తదానికి తూర్పు కిటికీ అన్నాక బియ్యం డబ్బా ట్రంకుపెట్టె అయింది. ఒకరి గదిలోంచి ఒకరు నడవకూడదు కనక నడవా వేస్తే ట్రంకుపెట్టె బీరువా అయింది. ప్రతి సమావేశం చివరా వేదాద్రిగారు "కాంపాక్ట్ అను మూలభావమునకు భంగము రానీయరాదు" అని హెచ్చరించి టీ తెప్పించేవారు.

ఇంకో చిక్కు. బీరువాను ఊడ్చే మనిషి కాస్త తిప్పి పెట్టిందంటే ఆగ్నేయం ఈశాన్యమైపోతుంది. ముగ్గురు కాపురస్తులూ నిద్రలోనే దిక్కులు మారిపోతారు. అందుకని గదిలో నేల తవ్వి, సిమెంటు పోసి, కంప్యూటరుకు పునాది వేశారు. శంకుస్థాపన నాడు వేదాద్రిగారు తాపీ పట్టుకుని ఫొటో దిగారు. తాపీ దాలినాయుడే అందించాడు.

"నాయుడు బావా, నీ కుర్చీ ఎక్కడ ఎడతారంట?" అన్నాడు కూర్మారావు గుసగుసగా.

"ముందు ఆళ్ల కాపురాలు సర్దుకోనీ."

"నీ మొహం సూస్తే జాలేస్తంది బావా. నాకైతే లాభమే, అది వేరే."

అంతా అయిందనుకున్నాక, ముహూర్తం పెట్టే రోజున త్రిపురాంతకంగారు అడిగారు, "గృహప్రవేశానికి ఆవును ఏర్పాటు చేశారా?"

అందరూ పునాది కేసి చూశారు.

"ఆవు బొమ్మ ఎడితే అవదేటండి?" అన్నాడు కూర్మారావు.

"కాపురాలు బొమ్మలవా?"

ఆవు ముందు నడవాలి, గడప దాటాలి, ఇల్లంతా చూడాలి. బీరువాలోకి ఆవు ఎలా వెళుతుంది? వేదాద్రిగారు తల పట్టుకున్నారు. ఇంతదాకా వచ్చిన మెచ్చుకోలు ఒక్క ఆవు దగ్గర ఆగిపోయేలా ఉంది.

అప్పుడు వరహాలమ్మగారు గొంతు సవరించుకున్నారు. "సార్, పుంగనూరు ఆవులని ఉన్నాయి. పొట్టివి. మా చెల్లెలి వీధిలో ఒకాయన పెంచుతున్నాడు. మంచం కిందికి దూరి పడుకుంటుందట."

వేదాద్రిగారు బల్ల గుద్దారు. "కాంపాక్ట్ ఆవు! వరహాలమ్మా, దేశవాళీ జాతికీ దేశ సాంకేతికతకూ నేడు వారధి కట్టితిరి!"

కంప్యూటరు కొలతలు ఇక ఆవు కొలతలయ్యాయి. దాలినాయుడిని టేపు ఇచ్చి పంపారు. ఆవు పేరు సీతాలు. యజమాని దాన్ని పిల్లలా సాకుతున్నాడు.

"ఎందుకు బాబూ కొలతలు? గౌను కుట్టిస్తారా?" అన్నాడు.

"కంప్యూటరు కుట్టిస్తారు" అన్నాడు దాలినాయుడు.

యజమాని ఆయన మొహంలోకి కాసేపు చూసి, మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. ఎండ దెబ్బేమో అనుకుని ఉంటాడు. ఆ పైన ఒక సంగతి చెప్పాడు. సీతాలు వెనక్కి నడవదు. ఎక్కడికి వెళ్లినా గుండ్రంగా తిరిగి మొహం ముందుకు పెట్టుకునే బయటికి వస్తుంది.

అది విని సంఘం ఒక పూటంతా కూర్చుంది. ఆవు తిరగడానికి చోటు కావాలి. తిరిగేటప్పుడు తోక లెక్కలోకి వస్తుందా రాదా అన్నది ప్రశ్న. తోక ఆవులో భాగమే అయినా కదిలే భాగం కనక ఫ్యానుతో సమానంగా చూడాలనీ, కదిలే ప్రతి భాగానికీ చుట్టూ ఖాళీ వదలడం సాంకేతిక ధర్మమనీ వేదాద్రిగారు తేల్చారు. బీరువాల షాపువాడు రేకులు తెచ్చి గదిలోనే కంప్యూటరు కట్టాడు. కట్టడం అయ్యేసరికి కంప్యూటరు నాలుగు గోడలకూ ఆనింది. ఇనప గుమ్మం, గడియ, తూర్పున కిటికీ.

దాంతో ఆఫీసంతా వరండాలోకి వచ్చింది. మూడు పాత పెట్టెలూ ముసుగులేసుకుని ఒక మూలకు చేరాయి. వేదాద్రిగారి కుర్చీ నీళ్ల డ్రమ్ము పక్కన పడింది, వరహాలమ్మగారిది గుమ్మం దగ్గర. తెరా కీబోర్డూ ఒక బల్ల మీద పెట్టి, వాటి వైర్లు కిటికీలోంచి లోపలికి లాగారు.

"దాలినాయుడూ, మనసులో ఏమీ పెట్టుకోకు" అన్నారు వరహాలమ్మగారు. "సీనియారిటీ ప్రకారం వరండా ఇప్పుడు మాది. నీకు ఎండ పడుతుంది, నల్లబడితే గట్టిపడతావు."

స్టూలు నెత్తిన పెట్టుకుని దాలినాయుడు పెరట్లోకి దిగాడు. పెరట్లో సర్కారువారి చోటు ఒక్కటే మిగిలింది. జల్లెడలాంటి తీగ కంచె మధ్య వానను కొలిచే గొట్టం. దాని పక్కన స్టూలు వేసుకుని, పెద్ద గొడుగు ఒకటి కంచె గుంజకు కట్టి, దాని కింద కూర్చున్నాడు.

గొడుగు కిందే గొట్టం కూడా ఉంది.

వానాకాలం మొదలైంది. మామూలు వాన కాదు, కుండలతో గుమ్మరించినట్టు కురిసింది. ఏరు పొంగి సంతలోకి వచ్చింది. వంకాయలు వీధుల్లో ఈదాయి. పొద్దున్నే గొట్టం చూస్తే చుక్క లేదు. శూన్యం అని రాసి పంపారు. మర్నాడూ శూన్యం.

"సార్, గొడుగండి..." అని దాలినాయుడు ఒకసారి చెప్పబోయాడు.

"గొడుగు గురించి మాకు ఉత్తర్వులేవియు రాలేదు" అన్నారు వేదాద్రిగారు, మడమల దాకా నీళ్లలో పాదాలు పెట్టుకుని.

రాజధానిలో లెక్కలు చూసిన వాళ్లు జిల్లాలో తీవ్రమైన కరువు అని ప్రకటించారు. కరువును పరిశీలించడానికి అధికారి బయల్దేరుతున్నాడని కబురు వచ్చింది. ఎటూ వస్తున్నాడు కనక కొత్త కంప్యూటరును కూడా తనిఖీ చేస్తాడట. వేదాద్రిగారు గాభరా పడి గృహప్రవేశం ముహూర్తం ముందుకు లాగారు.

సీతాలుకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, మెడలో గంట కట్టారు. అది గడప దగ్గర ఆగి కంప్యూటరును వాసన చూసి, నచ్చిందో ఏమో, లోపలికి నడిచింది. ఈశాన్యం చూసింది. నైరుతిలో రుబ్బురోలును నాకింది. వరండాలో అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక పాలు పొంగాలి. ఇంట్లో పొయ్యి మీదే పొంగాలి. కూర్మారావు ప్రాసెసరు మీద కొబ్బరి చిప్పంత గిన్నె పెట్టి పాలు పోశాడు. ముందు పాత సిస్టమ్‌ను లేపాడు. అది లేవడానికే చాలా సేపు తీసుకుంది. పాలు గోరువెచ్చనయ్యాయి. తర్వాత ఉచితాన్ని లేపాడు. అది చప్పున లేచింది గానీ చల్లటి మనిషి, పాలు అలాగే ఉన్నాయి. చివరికి కొత్తదాన్ని లేపాడు. అది ఇంకా ఏ పనీ మొదలుపెట్టకముందే ఆయాసపడి, వేడెక్కి, పాలను పొంగించేసింది.

"పొంగాయి! పొంగాయి!" అని వేదాద్రిగారు చిన్నపిల్లాడిలా గెంతారు. "మూడు కాపురములును సఫలము!"

నిజంగానే మూడూ నడుస్తున్నాయి. తెర మీద పాత వానలు, ఉచితం లెక్కలు, కొత్త రిపోర్టులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. కూర్మారావు అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ప్రాసెసరు చల్లబడాలి కదా అని వాయవ్యంలో ఫ్యాను వేశాడు. ఆ మూలకు అంత చిన్న ఫ్యాను చాలదని తన షాపులోంచి పెద్ద రెక్కల ఫ్యాను తెచ్చి బిగించి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే సీతాలు గుండ్రంగా తిరిగింది. మొహం గుమ్మం వైపుకు వచ్చింది కనక వెనక భాగం వాయవ్యానికి వెళ్లింది. తోక ఎత్తింది.

ఆ తర్వాత జరిగింది పరమ శుభసూచకమని త్రిపురాంతకంగారు కళ్లు తుడుచుకుంటూ చెప్పారు. వేదాద్రిగారు చొక్కా దులుపుకుంటూ ఒప్పుకున్నారు. వరహాలమ్మగారు మాత్రం ఏమీ అనలేదు. నోరు తెరిచే పరిస్థితిలో లేరు.

అందరూ నూతి దగ్గర మొహాలు కడుక్కుని వచ్చాక త్రిపురాంతకంగారు ఆఖరి మాట చెప్పారు. పాలు పొంగిన ఇంటిని ఖాళీగా వదలకూడదు. దీపం పెట్టే మనిషి ఒకరు లోపల ఉండాలి.

అందరూ ఆ గుమ్మంలోకి తొంగిచూశారు. లోపల పొడిగా ఉంది. కప్పు ఉంది, దీపం ఉంది, ఫ్యాను ఉంది. వేదాద్రిగారు తన తడి చెప్పులు చూసుకున్నారు.

"అధ్యక్షహోదాలో ఆ భారమును మేమే వహింతుము" అన్నారు.

"మీకు కీళ్ల నొప్పులు సార్. నేనుంటాను" అన్నారు వరహాలమ్మగారు.

త్రిపురాంతకంగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఖాళీ ఉన్నది బ్రహ్మస్థానం ఒక్కటే. అక్కడ బరువు పనికిరాదు. హోదా కూడా బరువే. మీరు కూర్చుంటే ఇల్లు కుంగుతుంది, యజమానికి స్థానచలనం. గుమాస్తా దాకా అయితే ఫర్వాలేదు. కింద గుమాస్తా అయితే మరీ మంచిది."

అన్ని తలలూ పెరట్లో గొడుగు కేసి తిరిగాయి.

దాలినాయుడు స్టూలు దిగి వచ్చాడు. గడప దగ్గర ఆగాడు. "కుర్చీ ఉంటాదాండీ?"

"తేలికైన కుర్చీ అయి ఉండాలి" అన్నారు త్రిపురాంతకంగారు.

కూర్మారావు పరిగెత్తుకెళ్లి తన షాపులో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నట్టనడుమ వేశాడు. చేతులున్న కుర్చీ. దాలినాయుడు కూర్చుని వెనక్కి వాలాడు. వీపుకు ఆనుకోడానికి ఒకటి దొరికేసరికి ఆయనకు ఎక్కడో నిద్రపోయిన ఎముక లేచి ఒళ్లు విరుచుకున్నట్టయింది. బయటినుంచి "నాయుడూ, పాతది పెట్టు" అంటే పాతది పెట్టాడు. "కొత్తది" అంటే కొత్తది. మధ్యలో ఎవరూ ఏమీ అడగకపోతే కళ్లు మూసుకున్నాడు.

పరిశీలనాధికారి ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని, బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. సంత దగ్గర తెప్ప ఎక్కి వచ్చాడట.

"కరువు ఎక్కడండీ?"

"రికార్డు ప్రకారము ఇచ్చటనేనండి" అన్నారు వేదాద్రిగారు వంగి.

అధికారి తన కాళ్లకేసి చూసుకున్నాడు, రికార్డుకేసి చూశాడు. రికార్డునే నమ్మాడు. అలవాటైన మనిషి. "తడి ఉన్నప్పటికీ కరువు ప్రబలంగా ఉంది" అని రాసుకున్నాడు. ఆ పైన గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఇదేనా కాంపాక్ట్ కంప్యూటరు?"

"ఆవుకు కాంపాక్టండి."

"ఎన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లు?"

"మూడండి."

అధికారి లోపలికి తొంగిచూశాడు. నడిమధ్య కుర్చీలో ఒక మనిషి. "పాతది" అని అధికారి అనగానే ఆ మనిషి చెయ్యి కదిపాడు, తెర మీద పాతది వచ్చింది. "ఆపు" అన్నాడు. ఆగింది. మాట చెబితే పని చేస్తున్నాడు, తిరిగి ఏమీ అడగడం లేదు. ఇన్నాళ్ల నౌకరీలో ఇంత చక్కగా నడిచే వ్యవస్థను అధికారి చూసి ఎరగడు.

"నాలుగు" అని రాసుకున్నాడు.

వేదాద్రిగారు సంతోషం పట్టలేకపోయారు. "దాలినాయుడూ! నీవు ఉద్యోగివి కావు, వ్యవస్థవు! వ్యవస్థకు పదవీ విరమణ ఉండదు. ఈ నిర్మాణము ఉన్నంత కాలము నీవుండవలెను."

దాలినాయుడు కుర్చీ చేతులు తడిమి చూశాడు. "కుర్చీ?"

"అదియును వ్యవస్థలో భాగమే."

"అయితే ఉంచండి" అన్నాడు.

అధికారి వెళ్లీ వెళ్లకముందే ఆకాశం చిల్లు పడింది. గాలి వరండాలోకి వానను అడ్డంగా కొట్టింది. పాత పెట్టెల ముసుగులు ఎగిరిపోయాయి. వేదాద్రిగారి బల్ల మీది కాగితాలు పెరట్లోకి ఈదుకుంటూ పోయాయి. కూర్మారావు ఎదురుషాపు గుమ్మంలో నిలబడి, "బావా! ఇయ్యాల ఎక్కడి దాకా?" అని కేకేశాడు.

"తెలీదురా, మాకు తగల్లేదు" అని లోపలినించి కేక వచ్చింది.

వరహాలమ్మగారు పమిట నెత్తిన కప్పుకుని తూర్పు కిటికీలోంచి మొహం పెట్టారు. వెనకే వేదాద్రిగారు, ముక్కు కొసనుంచి నీళ్లు కారుతూ.

"నాయనా దాలినాయుడూ, బంగారం లాంటివాడివి. కాస్త జరుగు. మేం నిలబడే ఉంటాం, బరువు కూడా తగ్గించుకుంటాం" అన్నారు వరహాలమ్మగారు.

దాలినాయుడిది మెత్తటి మనసు. కుర్చీ అంచుకు జరిగాడు. లేవబోయాడు కూడా. లేస్తే కుర్చీ చల్లబడుతుందని తట్టింది. చల్లబడిన కుర్చీ ఇంకొకరిదవడం ఆయన కళ్లారా చూసినదే. మళ్లీ వెనక్కి వాలాడు. గొంతు సవరించుకున్నాడు. వచ్చిన గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

"తమ మనవి సానుభూతితో పరిశీలించబడినది. ఇందు ఇప్పటికే నాలుగు కాపురములు గలవు. అయిదవ ఆరవ కాపురములకు నిర్మాణమును పెంచవలెను. ముందుగా సంఘమును వేయుడు. ఆవును రప్పించుడు."

"ఒరే, తడిసిపోతున్నాం రా!" అన్నారు వేదాద్రిగారు.

"రికార్డు ప్రకారము ఇచ్చట చుక్క వాన లేదండి" అని, దాలినాయుడు లేవకుండానే కాలు చాపి కిటికీ రెక్క వేసేశాడు.